గోడ మీద మూడు పోట్లు

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లు జంట ఇళ్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఒకరింట్లో తాలింపు వేస్తే రెండో ఇంట్లో తుమ్ముతారు. గోడలకు చెవులుంటాయని లోకమంతా అంటుంది కాబట్టి అందులో వింతేమీ లేదు. సోమక్క వంటింటి గోడకు మాత్రం నోరు కూడా ఉండేది. ఆ నోరు ఎట్లా పడిపోయిందో చెప్పడానికే ఇదంతా.

సోమక్కకు ఇప్పుడు యాభై ఆరేళ్లు. పుట్టింది చిట్యాల దగ్గరి పల్లెలో. పదిహేడో ఏట పోశాలును కట్టుకుని బాయి పనివాళ్ల వాడకు కాపురానికొచ్చింది. అప్పుడు వాళ్లుండేది భూపాలపల్లి కాదు, వేరే బాయి దగ్గరి పాత క్వార్టర్లు. పోశాలు మంచివాడని వాడంతా అనేది. బాయిలో మంచివాడు, చాయ్ హోటల్ దగ్గర మంచివాడు, చుట్టాల పెళ్లిళ్లలో అయితే మరీ మంచివాడు. ఇంట్లోనే, పని కుదరని రోజున, కూరలో ఉప్పు ఎక్కువైన రోజున, ఏ కారణమూ దొరకని రోజున కూడా చెయ్యి లేచేది.

కాపురానికొచ్చిన మూడో నెలలో దెబ్బలు గట్టిగా పడ్డ రోజొకటి ఉంది. ఆ రోజు పక్కింటి వైపు నుంచి గోడ మీద ధన్, ధన్, ధన్ అని మూడు పోట్లు వినిపించాయి. రోకలి కొసన ఇనుప పొన్ను ఉంటుందే, దానితో కొట్టిన చప్పుడు. పోశాలు చెయ్యి లేచింది లేచినట్టే ఆగింది. గోడ వంక చూశాడు. చెయ్యి దించి, అంగీ తొడుక్కుని బయటికి పోయాడు. సోమక్కకు ఏమీ అర్థం కాలేదు. తెల్లారి పక్కింటి ముసలమ్మ ఈదమ్మ గిన్నెలో చింతచిగురు పప్పు తెచ్చి, "ఉప్పు సరిపోయిందో లేదో చూడు బిడ్డా" అని ఇచ్చి వెళ్లిపోయింది. నిన్నటి మాట మాత్రం ఎత్తలేదు.

అదీ ఆ వాడల్లో ఆడవాళ్ల కట్టుబాటు. పక్కింట్లో చప్పుడు శ్రుతి మించితే రోకలితో గోడ మీద మూడు పోట్లు వేయాలి. తలుపు దగ్గరికి పోకూడదు. మర్నాడు ఆ మాట తీయకూడదు. ఒక గిన్నెడు కూర పంపాలి. కొట్టే మగవాడు కూడా గోడ కొట్టిందెవరని అడగకూడదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎవరూ అనరు కాబట్టే ఆ చప్పుడుకు అంత బలం. తనకు తగిలే దెబ్బల్లో సగం ఈదమ్మ రోకలే తప్పించిందని సోమక్క నమ్మకం. ఈదమ్మ పోయిన రోజున సొంత తల్లి పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చింది.

భూపాలపల్లికి మారిన తరువాత ఆ రోకలి పని సోమక్కకు వచ్చింది. పక్క క్వార్టర్లోకి జగదీష్, సుజాత దిగి పదకొండేళ్లు. జగదీష్ బాయిలో సర్దార్, కిందివాళ్లకు పని పంచేవాడు. సుజాతది మరిపెడ. ఎండాకాలంలో ఎవరింట్లో నీళ్లు అయిపోయినా తన బిందె ముందు పెట్టే మనిషి. వాళ్లకో కూతురు, మేఘన. జగదీష్ కూడా మంచివాడే. మంచివాళ్లకు ఆ వాడలో కొదవేం లేదు.

ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం నాలుగవుతుంది. జగదీష్‌కు చెయ్యి దురద పుట్టేది ఆ వేళకే. ముందు గిన్నెలు పడ్డ చప్పుడు, తరువాత మనిషి పడ్డ చప్పుడు. సోమక్క మూలనున్న రోకలి అందుకునేది. మూడు పోట్లు. అవతల సద్దుమణిగేది. మర్నాడు దోసకాయ కూరో, పప్పో గిన్నెలో పోసి రెండు వాకిళ్ల మధ్యనున్న పిట్టగోడ మీద పెట్టేది. సాయంత్రానికి గిన్నె తిరిగొచ్చేది, అడుగున కాసిని అటుకులో, నాలుగు నిమ్మకాయలో వేసుకుని. ఉత్త గిన్నె తిప్పి పంపడం ఆ వాడలో అవమానం. పదకొండేళ్లలో పొన్ను తగిలి తగిలి గోడ మీద గిద్దెడు సొట్ట పడింది. సోమక్క దాని మీద క్యాలెండర్ తగిలించింది. రోకలి ఎత్తినప్పుడల్లా ముందు క్యాలెండర్ పక్కకు జరిపేది. అంత జాగ్రత్త మనిషి.

ఆరేళ్ల కిందట బాయిలో కప్పు కూలింది. పోశాలు నడుం మీద బండ పడింది. మిగతావాళ్లు బయటికి ఉరుకుతుంటే జగదీష్ ఒక్కడే వెనక్కి వెళ్లి, బండ దొర్లించి, పోశాలును భుజాన వేసుకుని చీకట్లో అంత దూరమూ మోసుకొచ్చాడు. మళ్లీ కప్పు కూలి ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు. పోశాలు బతికాడు గానీ నడుం పనికి రాకుండా పోయింది. అన్‌ఫిట్ చేశారు. ఆ ఉద్యోగం కొడుకు వెంకటేష్‌కు వచ్చింది, అదీ జగదీష్ చేతి కిందే. ఆ తరువాత కూడా సోమక్క గోడ కొట్టడం మానలేదు. తన మొగుణ్ని మోసుకొచ్చిన చేతులూ పక్కింట్లో ఆడదాని మీద పడే చేతులూ ఒకటేనన్న సంగతి ఆమె బుర్రకు ఎన్నడూ ఎక్కేది కాదు. ఎక్కకుండా చూసుకునేది.

పోయిన ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అవతల చప్పుడు మొదలయ్యీ కాకముందే సోమక్క రోకలి అందుకుంది. మూడు పోట్లూ వేసింది. అవతల ఆగింది. కానీ అప్పటికే పడాల్సిన దెబ్బ పడింది. ఎడమ చెంప మీద పడ్డ ఆ దెబ్బకు సుజాత చెవిలోంచి రక్తం కారింది. దవాఖానలో పరీక్ష చేసి ఆ చెవి ఇక వినపడదన్నారు. కట్టు కట్టిన నర్సమ్మ ఎవరూ వినకుండా, దెబ్బలు తినే ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం అడ్రసు చెప్పింది. ఇట్లాంటి వాటికి చట్టం ఉందని, మొగుడు కొట్టకుండా కోర్టు ఆర్డరు ఇస్తుందని, ఇల్లు ఆయన పేరు మీద ఉన్నా నిన్ను బయటికి వెళ్లగొట్టరాదని చెప్పింది. సుజాత కూతుర్ని తీసుకుని మరిపెడలో అన్న ఇంటికి పోయి, అక్కడి నుంచే కేసు వేసింది.

తరువాత ఒక రోజు, జగదీష్ షిఫ్టులో ఉన్న వేళ చూసుకుని, సుజాత సోమక్క ఇంటికొచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుంది. మంచినీళ్లు తాగి, పదకొండేళ్లలో ఎవరూ అనని మాట అనేసింది.

"అక్కా, నువ్వు గోడ కొడ్తవు గద. గదే కోర్టుల చెప్పు."

సోమక్క ఖాళీ చెంబు అందుకుంది. "ఏం గోడ? ఏం కొట్టుడు?"

"నా దగ్గర గూడ గట్లనే అంటవా? నువ్వు లేకుంటే నేను ఎప్పుడో సచ్చిపోతుంటి. నాకు ఎరికె లేదా? గని అక్కా, నీ రోకలి రెండో దెబ్బను ఆపుతది. మొదటి దెబ్బను ఆపదు." సుజాత చెవి మీద చెయ్యి పెట్టుకుంది. "లేనిది చెప్పమంటలేను. ఉన్నదే చెప్పు. నువ్వు తప్ప నాకు సాక్ష్యం ఎవరున్నరు?"

సోమక్క పొయ్యి మీది గిన్నె దించింది. తరువాత "సరే తియ్యి, చెప్త" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగానే చెప్పాలనుకుంది. ఆమెను మరీ చెడ్డగా అనుకోవద్దు.

వారం తరువాత కేసు చూసే ఆఫీసరు మేడం వచ్చింది. నిమ్మళంగా మాట్లాడే మనిషి. క్యాలెండర్ తనే పక్కకు జరిపి, సొట్టను ఫోనులో ఫొటో తీసుకుంది. "భయపడకండమ్మా, విన్నది విన్నట్టు చెబితే చాలు" అని వెళ్లింది. ఆమె కారు ఇంకా వాడ దాటకముందే లైనులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే సోమక్క వాకిట్లోకి చేరారు.

"ఇంటి గుట్టు లంకకు చేటు సోమక్కా. కోర్టుల ఈ ముచ్చట చెప్తే ఏమైతదో ఎరికేనా? ఇగ ఏ ఇంట్ల రోకలి చప్పుడైనా మొగోళ్లు సాక్ష్యమనుకుంటరు. ఆగుడు బదులు మన మీదికే వస్తరు. రేపు మా ఇంట్ల అయితే గోడ ఎవరు కొడ్తరు?" అంది ఒకామె.

"పిలగానికి సంబంధాలు చూస్తున్నవు. కోర్టు మెట్లెక్కిన ఇల్లంటే పిల్లనెవడిస్తడు?" అని ఇంకొకామె.

పోశాలు మంచం మీది నుంచి ఒక్క మాటే అన్నాడు. "నా పానం వాడు పెట్టిందే. గది యాది పెట్టుకో."

వీటన్నిటికీ సోమక్క ఓర్చుకునేదేమో. కోర్టు తేదీ రెండు రోజులుందనగా జగదీష్ వచ్చాడు. బెదిరించి ఉంటే బాగుండేది, మనిషికి మొండితనం వస్తుంది. అతను బెదిరించలేదు. పోశాలుకు బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కింద కూర్చుని, అతని కాళ్లకు నూనె రాశాడు, ఆరేళ్లుగా వారానికోసారి రాస్తున్నట్టే. వెళ్లేటప్పుడు వంటింటి గడప దగ్గర ఆగి చేతులు జోడించాడు.

"వదినా, నువ్వు ఏది చెప్తే గది నాకు సమ్మతమే. నా మీద నీకు హక్కున్నది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సోమక్క ఆ రెండు రోజులూ అన్నం తిన్నది లేదు. ఆలోచించీ ఆలోచించీ ఒక దారి దొరికిందనుకుంది. కోర్టులో చెప్పకపోతేనేం? గోడ ఎక్కడికి పోతుంది? రోకలి ఎక్కడికి పోతుంది? సుజాత తిరిగొస్తే తను ఎప్పటిలాగే కాపాడుకుంటుంది. ఈసారి ఇంకా తొందరగా, గిన్నె చప్పుడు కాగానే కొడుతుంది. చట్టం నిన్న మొన్న వచ్చింది, రోకలి ఈదమ్మ కంటే ముందు నుంచీ ఉంది. ఇట్లా తనకు తాను చెప్పుకుంది. ఆ మాట నమ్మింది కూడా, అదే పాపం.

కోర్టులో దేవుని మీద ప్రమాణం చేయించారు. ఎదురుగా బెంచీ మీద సుజాత, ఆమె అన్న తిరుపతి కూర్చున్నారు. ఇంకో పక్క జగదీష్, అతని పక్కనే చేతికర్ర పట్టుకుని పోశాలు. సుజాత వినపడే కుడి చెవి ఇటు తిప్పి వింటోంది. ఆమె తరఫు లాయరమ్మ లేచింది.

"మీరు రోకలితో గోడను ఎందుకు కొట్టేవారమ్మా?"

సోమక్క జడ్జి వంక చూసింది, కింద చెక్క పలకల వంక చూసింది. "కొట్టలే మేడం. తగిలింది."

లాయరమ్మ కాగితాల్లోంచి తల ఎత్తింది. "ఎట్లా తగిలింది?"

"కారం దంచుతుంటి."

"ఇప్పుడు కారం ఇంట్లో ఎవరు దంచుతున్నారమ్మా? అందరూ గిర్నీలో పట్టిస్తున్నారు కదా?"

"గిర్ని కారం మా ఆయనకు పడది."

లాయరమ్మ ఫొటో చూపించింది. "ఈ సొట్ట ఛాతీ ఎత్తులో ఉంది. రోలు నేల మీద కదా ఉండేది?"

"ఎత్తి దంచుతం గద మేడం."

ఎవరో నవ్వారు. జగదీష్ లాయరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పదకొండేళ్లూ, సరిగ్గా ఆయన షిఫ్టు దిగివచ్చే వేళకే దంచేవారా?"

"గప్పుడే తీరిక దొరుకుతది."

"పక్కింట్లోంచి ఆమె ఏడుపు ఎప్పుడూ వినలేదా?"

"రోకలి చప్పుడుల ఏం వినపడతది మేడం" అంది సోమక్క.

బోనులోంచి దిగుతూ ఒక్కసారి సుజాత వంక చూసింది. తిట్టినా బాగుండు, ఏడ్చినా బాగుండు అనుకుంది. సుజాత కుడి చెవి అటు తిప్పేసుకుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. ఆ కోర్టులో నవ్వింది సోమక్క కాదు గానీ, నవ్వు తెప్పించింది ఆమే.

కేసు ఓడిపోలేదు. జడ్జి ఇంకా ఏమీ చెప్పలేదు, ఇంకో తేదీ ఇచ్చారు. ఆ తేదీ దాకా అది ఆగలేదు, అంతే. కోర్టు గేటు దాటక ముందే తిరుపతి చెల్లెలి మీద విసుక్కున్నాడు. "గోడకు గోడ ఉన్న మనిషే ఏం వినలేదంటుంటే, నేను మరిపెడల ఉండి ఏమని కొట్లాడాలె?" తరువాత రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చున్నారు. జగదీష్ అందరి ముందు చేతులు కట్టుకుని తప్పయిందన్నాడు. ఇక చెయ్యెత్తనని తెల్ల కాగితం మీద సంతకం పెట్టాడు. కేసు వాపసు తీసుకోమన్నారు, సుజాత తీసుకుంది. దసరా పోయిన పది రోజులకు పెట్టె, కూతురు, వినపడని చెవి వెంటబెట్టుకుని అదే క్వార్టర్లో దిగింది.

సోమక్క ఆ రోజే చిక్కుడుకాయ కూర వండి, గిన్నె పిట్టగోడ మీద పెట్టింది. సాయంత్రానికి గిన్నె తిరిగొచ్చింది. తోమి, తుడిచి, బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే ఉత్తది. సోమక్క దాన్ని ఒడిలో పెట్టుకుని గడప మీద కూర్చుని ఏడ్చింది. పోశాలు లోపలి నుంచి ఏమైందని అడిగితే ఉల్లిగడ్డ కోస్తున్నానంది. అబద్ధాలు ఒకసారి అలవాటైతే నాలుక మీదే ఉంటాయి.

నాలుగు నెలలు పక్కింట్లో ఏ చప్పుడూ లేదు. సుజాత పలకరించేది కాదు. ఎదురైతే బిందె ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని పోయేది. అయినా సోమక్కకు లోపల్లోపల కొంచెం ధైర్యం వచ్చింది. కాగితమో, కోర్టు భయమో, పెద్దమనుషుల మాటో, ఏదో ఒకటి పనిచేసిందనుకుంది. రోకలిని మాత్రం మూలకు పెట్టలేదు. గోడ పక్కనే, చెయ్యి చాపితే అందేటట్టు పెట్టుకుంది. క్యాలెండర్ కూడా తీసేసింది.

శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్నాయి. ఆ రోజు వెంకటేష్ రెండో షిఫ్టుకు పోయాడు. నాలుగు దాటింది. పక్కింట్లో గిన్నె పడింది. సోమక్క బియ్యం ఏరుతున్న చేట వదిలేసి లేచింది. గింజలు ఇల్లంతా చెదిరాయి. రోకలి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

అవతల ఆగింది. సోమక్క నుదురు గోడకు ఆనించి ఊపిరి పీల్చుకుంది. ఈదమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు గోడ అవతలి నుంచి ధన్, ధన్, ధన్.

చెంబుతోనో, దేనితోనో. అదే వరుస, అదే ఎడం, సరిగ్గా ఆ సొట్టకు అవతలి పక్క. సోమక్క నుదుటికి ఆ మూడూ తగిలాయి. తరువాత అవతల చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి తొందరేమీ లేదు. ఎవరైనా వింటారన్న బెదురు లేదు. ఆ చప్పుడు ఏమిటో సోమక్కే కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది కదా, ఇక జగదీష్ ఎవరికి భయపడాలి?

సోమక్క రోకలి పట్టుకునే బయటికి ఉరికింది. ఈదమ్మ నేర్పిన కట్టుబాటు దాటి, ముప్పై తొమ్మిదేళ్లలో మొదటిసారి, పక్కింటి తలుపు దగ్గరికి పోయింది. రెండు చేతులా బాదింది. "తలుపు తియ్యి జగదీషూ! నేను ఇంటున్న! అంత ఇంటున్న!" అని గొంతు చించుకుని అరిచింది. లైనులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. రెండిళ్ల అవతల ఎవరో టీవీ చప్పుడు పెంచారు.

గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. సుజాత నిలబడి ఉంది. పెదవి చిట్లింది, జుట్టు ముడి ఊడింది, కొంగు సర్దుకుంటోంది. లోపల మేఘన ఎక్కిళ్లు. సుజాత సోమక్క ముఖం వంక చూసింది, చేతిలోని రోకలి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలసిపోయిన మనిషి ఎవరికో దారి చెబుతున్నట్టు, నెమ్మదిగా అంది.

"ఏం లేదు అక్కా. కారం దంచుతున్నం."

తలుపు మూసుకుంది. లోపలి నుంచి గొళ్లెం పడింది. సోమక్క ఆ గడప ముందే నిలబడిపోయింది. చేతిలో రోకలి అట్లాగే ఉంది.